సవరణ: 'టేబుల్' చేశారంటే ప్రవేశపెట్టారని కాదు

అమెరికా సెనేట్‌లో ఒక ప్రతిపాదనను 'టేబుల్' చేశారన్న వార్త చూసి, సభలో ప్రవేశపెట్టారని నిన్నటి పోస్టులో రాశాను. తప్పు. అసలు సంగతి పూర్తిగా తలకిందులు.

బ్రిటన్‌లో టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో పక్కన పెట్టేయడం. సెనేట్‌లో అందుకు ఓటు పడితే ఆ ప్రతిపాదన కథ దాదాపు ముగిసినట్టే. మన పార్లమెంటుది బ్రిటిష్ వాడుక. 'సభ ముందుంచారు' అని పేపర్లలో చదివీ చదివీ నాకు ఆ అర్థమే తోచింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారట. తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటేనని చర్చిల్ రాశారు. నాకు కాస్త ఊరట! ఆ వాక్యాన్ని 'పక్కన పెట్టారు' అని మార్చాను.