గేటు కాడి నల్లాకు ఒక అర్జీ

మహారాజశ్రీ నల్లా గారి సముఖానికి,

హన్మకొండలో మీరు కొలువున్న గేటు వెనక ఇంట్లో కాపురముంటున్న కీళ్లవాతం మనిషి రాసుకుంటున్న అర్జీ.

ముందుగా మీ సమయపాలనకు జోహార్లు. పొద్దున ఐదున్నరకు గుర్రుమని రెండు తుమ్ములు తుమ్మి వేంచేస్తారు, ఆరున్నర దాటకముందే వెళ్లిపోతారు. అప్పటికే గల్లీ అంతా బిందెలు, డ్రమ్ములు, పైపులతో మీ సేవలో ఉంటుంది. నా వేళ్లు మాత్రం ఎనిమిది దాకా సెలవులో ఉంటాయి. ఆ సెలవు నేను మంజూరు చేసింది కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ చేసింది.

మీ టైమూ దాని టైమూ కలవకపోవడమే నా గొడవంతా. మామూలు మోకాళ్ల అరుగుదలైతే పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటుంది. నాది అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నా కీళ్ల లోపలి పొరను పరాయిదనుకుని దాని మీద పడుతోంది. వాపును రేపే ఐఎల్-6 లాంటి ప్రొటీన్లు తెల్లవారుజామునే రక్తంలో ఎక్కువగా ఉంటాయట. అంటే సరిగ్గా తమరు వచ్చే వేళకు. ఇక వాపు వేళ్ల మొదట్లో, నడిమి కణుపుల్లో, మణికట్టులో, కుడికెంతో ఎడమకూ అంతే. పక్షపాతం లేదు. గోళ్ల దగ్గరి కణుపులను మాత్రం చాలామటుకు వదిలేస్తుంది. వాటితో మీ పిడి తిరగదు, అది వేరే సంగతి.

ఆ పిడి గురించి చెప్పాలి. నాలుగు రెక్కల పాత ఇత్తడి పిడి. లోపల వాషర్ అరిగింది. నీళ్లు ముందే వస్తే దండుగ పోతాయని మా ఆయన రాత్రిపూట దాన్ని కిర్రుమనేదాకా బిగించి పడుకుంటాడు. మంచి మనిషే. తెల్లారకముందే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వాకింగ్ పోతాడు. ఇక మిగిలేది మీరూ నేనూ. పిడిని పట్టుకోవాలంటే వేళ్లు ముడుచుకోవాలి, అవేమో ముడుచుకోవు. బలవంతంగా ఇరికించి తిప్పితే మణికట్టులో లేచిన మంట మోచేతి దాకా పాకుతుంది. అందుకని రెక్కల సందులో చపాతీ కర్ర పెట్టి, ముంజేయి ఆనించి తోస్తున్నాను. ఎదురింటి అవ్వ మొదట్లో నేను మిమ్మల్ని కొడుతున్నాననుకుంది. ఆ ఆలోచన రాకపోలేదు.

లేవగానే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి మెల్లగా ఆడించమంది డాక్టరమ్మ. బిగుతు వదులుతుందంది. వదులుతుంది, నిజమే. ముందు ఆ నీళ్లు పట్టాలి కదా! మెలితిప్పే పనులు తగ్గించమని కూడా చెప్పింది. తిప్పీ తిప్పీ వేళ్లు చిటికెన వేలి వైపు ఒరిగిపోయే ప్రమాదం ఉందట. వేళ్లతో చేసేది అరచేత్తో, అరచేత్తో చేసేది మోచేత్తో చేసుకోవాలట. ఈ సంగతి తమరికి ఇంతవరకూ ఎవరూ విన్నవించినట్టు లేదు.

పది గంటలకు నన్ను చూసినవాళ్లకు నేను దిట్టంగానే కనిపిస్తాను. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి కాడ బతుకమ్మ కూడా ఆడాను. చప్పట్లు కొట్టలేదు, చేతులు ఊరికే కలిపాను. అంత జనంలో ఎవరు చూస్తారు? తెల్లారి సగం బిందెతో లోపలికి పోతుంటే పక్కింటామె ఆపింది. "నిన్న గంత మంచిగ ఆడితివి, గింతల్నే ఏమైందే?" అంది. నొప్పికి సాక్ష్యం అడిగేచోట వాపు కనిపించని రోజు మహా ఇబ్బంది. నల్లేరు పచ్చడి తినమంది, వంకాయ మానెయ్యమంది, ముసలోళ్ల రోగం నీకెందుకొచ్చిందని బాధ కూడా పడింది. ముప్పై, నలభైల్లో ఉన్నవాళ్లకూ వస్తుందిది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. బిందెలు మోసేదీ వాళ్లే కాబట్టి లెక్క సరిపోయింది.

మందు వాడట్లేదా అంటారేమో, వాడుతున్నాను. మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకే క్యాలెండర్లో గురువారాలకు సున్నాలు చుట్టి ఉంటాయి. దాంతో వచ్చే ఇబ్బందులు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్. లివరు, రక్తకణాలు ఎట్లున్నాయో చూడటానికి మధ్యమధ్య రక్తపరీక్షలు. (గోలీ షీటు చింపడం ఇంకో అర్జీ, అది తర్వాత.) ఈ రెండు మందుల వెనకా ఒక తెలుగువాడున్నాడని తమరికి తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ లాంటి మందులనూ తయారుచేసింది. క్యాన్సర్‌కు వాడిన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికీ ఇవ్వొచ్చని అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. ఆయన 1948లోనే పోయాడు. ఇంకో పదేళ్లు బతికుంటే నల్లా పిడుల మీద కూడా దృష్టి పెట్టేవాడని నా గట్టి నమ్మకం.

ఎనిమిదికి రమ్మని అడగను. వాల్వు తిప్పే ఆయన నా వేళ్లను చూసి టైం మార్చడు కదా. పిడి మార్చుకోండి చాలు. మోచేత్తో నెడితే తెరుచుకునే పొడుగు లీవర్ పిడి హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. పెద్దాసుపత్రుల్లో డాక్టర్లు చేతులు కడుక్కునే చోట అవే ఉంటాయి. నొప్పి లేని చేతులకు ఆ మర్యాద ఉంది.

మా ఆయనతో ఈ మాటంటే "గట్టి ఇత్తడి, గిప్పుడు యాడ దొరుకుతది" అని మీ తరఫున వాదించాడు. సరే అని రేపటి నుంచి ఆయన వాకింగును గ్రౌండు నుంచి ఇక్కడికి మార్చేశాను. రోజూ ఐదున్నరకు, రెండు బిందెలతో, గేటు నుంచి వంటింటి దాకా ఎన్ని రౌండ్లయినా వేసుకోవచ్చు. ఈ సంగతి ఆయనకింకా తెలియదు. పొద్దున్నే కనబడతాడు కాబట్టి తమరే చెప్పగలరు.

ఇట్లు,
తమ గేటింటి మనిషి