సవరణ: మిక్స్చర్ స్క్రూ బిగింపు గురించి

పాత చిన్న ఇంజిన్ కార్బురేటర్ రీబిల్డ్ మీద రాసిన గత పోస్టులో "మిక్స్చర్ స్క్రూను పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పండి" అని ఉంది. కార్బురేటర్‌లో గాలి, పెట్రోల్ కలిసే పాళ్లను సరిచేసే స్క్రూ ఇది. పూర్తిగా అంటే బలంగా అని కాదు. తేలిగ్గా తిప్పుతూ, మొన ఆనగానే ఆపేయాలి. గట్టిగా బిగిస్తే సూది మొన చుట్టూ గాడి పడుతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్ నిలకడగా ఆడటం) సరిగ్గా కుదరదు. ఆ ఒకటిన్నర కూడా ఇంజిన్ స్టార్ట్ చేయడానికే. అసలు సెట్టింగ్ ఇంజిన్ వేడెక్కాకే. విప్పేముందు పాత స్క్రూ ఎన్ని చుట్లకు ఆనుతుందో రాసుకుంటే ఇంకా మేలు.

అదే పోస్టులో కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టమన్నది లోహపు బాడీని, జెట్‌లను (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాల లోహపు ముక్కలు) మాత్రమే. ఓ-రింగులు (రబ్బరు వలయాలు), డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర), ప్లాస్టిక్ ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే భాగం) ముందే తీసేయండి. రబ్బరు ఉబ్బిపోతుంది.