బస్తా కాదు, పావుకిలో ఇవ్వండి

కాళేశ్వరరావు మార్కెట్లో పావుకిలో ఎండుమిర్చి అడిగిన మనిషిని గుంటూరు యార్డుకు పంపి, అక్కడ టిక్కీ (మిర్చి బస్తా) మొత్తం ఎత్తుకెళ్లమంటే ఏమంటాడు? మ్యాపుల డేటా కోసం ఓపెన్ డేటా పోర్టళ్లకు, అంటే ప్రభుత్వాలు తమ సమాచారాన్ని అందరికీ అందుబాటులో పెట్టే వెబ్‌సైట్లకు, వెళ్లేవారికి చాలాసార్లు జరిగేది అదే. తన డివిజన్లో మురుగు కాల్వలు ఎటు పారుతున్నాయో చూద్దామనుకున్నవాడికి రాష్ట్రమంతా కలిపి కట్టిన జిప్ ఫైలు ఒకటి చేతికిస్తారు. అది దిగేలోపు ఫోన్లో ఆ రోజు డేటా ప్యాక్ అయిపోతుంది. తొంభై శాతం దగ్గర నెట్ పోతే మళ్లీ మొదటి నుంచి. చివరికి ఎలాగో దింపుకుని తెరిస్తే, ఊళ్ల పేర్లు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాల వరుస. డేటా ‘ఓపెన్’ అని పైన రాసిన మాట అబద్ధం కాదు. తలుపు తీసే ఉంది. గడపే నడుమెత్తున ఉంది.

ఇదంతా కంప్యూటర్ వాళ్ల గొడవ, మనకెందుకు అని ఇంకే ఊళ్లోనైనా అనుకోవచ్చేమో కానీ బెజవాడలో అనుకోకూడదు. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో నానాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. అన్నం పొట్లాలు డ్రోన్లతో పంపాల్సి వచ్చింది. ఆ రోజుల్లో జనం అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు. మా వీధి మెరకా, పల్లమా? నీళ్లు ఎటు దిగిపోతాయి? పడవ ఎందాకా రాగలదు? నేల ఎత్తులు, కాల్వల గీతలు, రోడ్లు, డివిజన్ల హద్దులు ఒకచోట చేర్చి చూస్తే వీటికి జవాబు దొరుకుతుంది. అవన్నీ ఏదో ఒక కార్యాలయంలో, ఏదో ఒక సర్వర్‌లో ఉన్నవే. అవసరమైనవాడి చేతికి అవసరమైన వేళ రావడమే కష్టం.

మా పత్రిక సంగతే చెబుతాం. ముంపు మ్యాపు పేజీలో వేయాల్సి వస్తే మా డెస్క్ చేసిన పని, ఒక పోర్టల్లో కనిపించిన మ్యాపును స్క్రీన్‌షాట్ తీసుకుని దాని మీద చేత్తో నీలం రంగు పూయడం. చూడ్డానికి బాగానే వచ్చింది. నీలం సరిగ్గా ఆగాల్సిన వీధి దగ్గరే ఆగిందా అంటే మాత్రం గట్టిగా చెప్పలేకపోయాం. అచ్చమైన డేటా మా చేతిలో ఉంటే, ఆ గీత దగ్గర పాఠకుడికి మేము పూచీ పడి ఉండేవాళ్లం.

చాలా పోర్టళ్లు మ్యాపును చూపించి అక్కడితో పని అయిపోయిందనుకుంటాయి. రంగులు బాగుంటాయి, పొరలు ఒక్కొక్కటే తెరవచ్చు, మూయవచ్చు, దగ్గరికి లాగి చూడవచ్చు. కానీ చూసినవాడు దాని మీద తన లెక్క వేసుకోలేడు. ఎత్తుల మీద కాల్వలు పరిచి, వాటి మీద తను ఇంటింటికీ తిరిగి గోడల మీద కొలిచిన నీటి మచ్చల ఎత్తులు పెట్టి చూడాలనుకునే ప్లానింగ్ విద్యార్థికి బొమ్మ ఏం చేసుకోవడానికి? విస్తరిని ఫొటో తీసి పంపితే కడుపు నిండదు. పీడీఎఫ్ కూడా అలాంటి ఫొటోనే.

ఈ విషయంలో చట్టమూ, విధానమూ మనవైపే ఉన్నాయి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని నాలుగో సెక్షన్, జనం అర్జీ పెట్టుకునే అవసరం వీలైనంత తగ్గేలా సమాచారాన్ని ప్రభుత్వాలే ముందుకు తెచ్చి పెట్టాలంటుంది. 2012లో జాతీయ డేటా విధానం వచ్చింది, ఆ ఏడాదే కేంద్రం ఓపెన్ డేటా పోర్టల్ మొదలుపెట్టింది. ఆ డేటాను ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సును 2017లో నోటిఫై చేశారు. మ్యాపుల మీద ఉన్న అనుమతుల ముళ్లకంపను 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాలు చాలావరకు నరికేశాయి. 2022 డిసెంబరు 28న మ్యాపులు, స్థల సమాచారం గురించిన జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. ఢిల్లీలో ఇన్ని తలుపులు తెరిచాక, మిగిలిన అడ్డంకి డౌన్‌లోడ్ బటన్ దగ్గర ఉంది. అది తీయడానికి పార్లమెంటు అక్కర్లేదు.

ముందు మనిషికి కావాల్సినంత ముక్క కోసి ఇవ్వాలి. తెర మీద వేలితో ఒక చతురస్రం గీస్తే ఆ మేరకే డేటా రావాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. 2004లో మొదలై స్వచ్ఛంద సేవకుల చేతుల మీద నడుస్తున్న ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ సౌకర్యం ఎప్పటి నుంచో ఉంది. గీసుకునే ఓపిక కూడా లేనివారి కోసం డివిజన్లవారీగా, మండలాలవారీగా ముందే కోసి సిద్ధంగా పెట్టవచ్చు. విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లు, గుంటూరులో 57. రెండు నగరాలకు కలిపి 121 చిన్న ఫైళ్లు. ఒక ఉద్యోగి కూర్చుంటే ఎన్నాళ్ల పని? నొక్కకముందే ఫైలు ఎంత పెద్దదో కనపడాలి. మధ్యలో నెట్ పోతే ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకోవాలి. సినిమాలు అలాగే దిగుతున్నాయి కదా, కాల్వల డేటా ఎందుకు దిగదు?

ఇక ఫైలు ఏ రూపంలో ఇస్తారన్నది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగు దెబ్బతినేది ఇక్కడే. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల డేటాతో చేసే పని) పనివాళ్లందరికీ అలవాటైన ‘షేప్‌ఫైల్’ 1990ల నాటిది. పేరుకు ఒక ఫైలు, నిజానికి కనీసం మూడు. వాటిలో ఒకటి పోగొట్టుకుంటే మిగతా రెండూ సరిగా పనిచేయవు. కొలతల పద్ధతి చెప్పే నాలుగోది జారిపోతే బొమ్మ ఎక్కడ కూర్చోవాలో దానికే తెలియదు. ఇవన్నీ అటుంచి, అందులో ఒక్కో నిలువు వరుస పేరుకు పది బైట్లకు మించి చోటు లేదు. కంప్యూటర్లు ఇప్పుడు వాడే యూనికోడ్ పద్ధతి తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, సున్నాకూ తలా మూడు బైట్లు పడతాయి. ‘మండలం’ అని రాయాలంటే పదిహేను కావాలి. అంటే మన పాలనలో రోజూ పలికే మాటకే అందులో చోటు చాలదు. పైగా అక్షరాలు ఏ పద్ధతిలో రాశారో చెప్పే చిన్న ఫైలు జత చేయడం మరిచిపోతే, లోపలి ఊళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

షేప్‌ఫైల్‌ను ఎత్తేయమని మేము అనడం లేదు. అలవాటైనవారికి అదీ ఉండనివ్వండి. దాని పక్కనే జియోప్యాకేజ్ అనే కొత్త రకం ఫైలు ఇవ్వండి, అన్నీ ఒకే ఫైల్లో ఇముడుతాయి, తెలుగు పేర్లు నిక్షేపంగా ఉంటాయి. ఫోన్లో గూగుల్ ఎర్త్ తెరిచేవారికి కేఎంఎల్, ఎక్సెల్ తప్ప మరొకటి తెలియని కార్యాలయాలకు సీఎస్వీ. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆ మార్పిడి పని పోర్టల్ ఒక్కసారి చేస్తే, ఇటు వేలమంది చేయనక్కర్లేదు.

అక్షాంశాలు, రేఖాంశాల సంగతి మరీ విచిత్రం. విజయవాడ సుమారుగా 16.5 ఉత్తరం, 80.6 తూర్పు. మ్యాప్ యాప్‌లో వెతికేటప్పుడు అక్షాంశం ముందు రాస్తాం. మ్యాపు డేటాకు వాడే ఇంకో రకమైన జియోజేసన్ ఫైల్లో రేఖాంశం ముందు రావాలి. ఆ రెండూ తారుమారైతే బెంజిసర్కిల్ వెళ్లి నార్వేకి పైన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. మే నెల ఎండల్లో అదేదో బాగుందనిపించవచ్చు గానీ, సహాయక పడవలను పంపడానికి పనికిరాదు. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటికి కనపడుతుంది. కనపడని తప్పులతోనే ప్రమాదం. పాత సర్వే మ్యాపులు భూమి ఆకారానికి 1830లో వేసిన ఎవరెస్ట్ కొలతల మీద గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే కొలతలు. ఏది ఏ కొలతల మీద ఉందో చూసుకోకుండా ఒకదాని మీద ఒకటి పరిస్తే గీత వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. సింగ్‌నగర్ లాంటి చోట వంద మీటర్లంటే రెండు మూడు వీధులు. ముంపు హద్దు వేరేవాళ్ల ఇంటి మీద పడుతుంది. ఈ డేటా ఏ కొలతల్లో ఉందో డౌన్‌లోడ్ పేజీలో పెద్ద అక్షరాలతో రాస్తే చాలు.

తేదీ లేని డేటా కూడా ఇంతే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది, కృష్ణా జిల్లా మచిలీపట్నంతో మిగిలింది. ఉమ్మడి గుంటూరు మూడు జిల్లాలైంది. జనాభా లెక్కలు చూద్దామంటే 2011వి పాత జిల్లాల కిందే ఉన్నాయి. పాత హద్దుల ఫైలును తీసేసి కొత్తది పెడితే ఆ లెక్కలకు కాళ్లు విరిగినట్టే. కొత్తది పెట్టకపోతే నేటి పాలనకు పనికిరాదు. రెండూ ఉంచాలి, ఏది ఎప్పటిదో పేరులోనే తెలియాలి. ఊళ్లను పేర్లతో కలపబోతే ఇంకో తలనొప్పి. ఒక శాఖకు అది ఉయ్యూరు, ఇంకో శాఖకు వుయ్యూరు, ఇంగ్లిష్‌లోకి వెళ్తే ఎన్ని రకాలో. కేంద్రం స్థానిక సంస్థల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఇచ్చింది. ప్రతి వరుసలో ఆ కోడ్ ఉంటే ఈ స్పెల్లింగుల పంచాయితీ తప్పుతుంది.

పోర్టళ్లు అడిగే లాగిన్, రిజిస్ట్రేషన్ల గురించి ఒక్క మాట. సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టిన సంస్థ. 250 ఏళ్ల సందర్భంగా 2017లో ‘నక్షే’ పోర్టల్ పెట్టి 1:50,000 స్కేలు మ్యాపులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పనే. అయితే ఆధార్ అడిగింది. దేశంలోని కొండలూ వాగులూ చూసుకోవడానికి ఆధార్ ఎందుకో మాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఎంతమంది తీసుకున్నారో లెక్క కావాలంటే సర్వర్ తనే చెబుతుంది. ఓటీపీ, క్యాప్చా, ‘దేనికోసం వాడతారు’ అనే ఖాళీ గడి, ఇవన్నీ దాటేసరికి అడిగినవాడు విసుగొచ్చి వెళ్లిపోతాడు.

భద్రత మాటేమిటి అని అధికారులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే 2021 మార్గదర్శకాలు సున్నితమైన అంశాలను విడిగా చూస్తూ, మిగతాది వదిలేశాయి. ప్రజాధనంతో తయారైన కాల్వల, రోడ్ల, డివిజన్ హద్దుల డేటాను ఆ వంకతో ఆపడం కుదరదు. మేము కూడా ఒక గీత గీస్తాం. భూమి రికార్డుల్లోని యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు మ్యాపు డేటాతో కలిపి గంపగుత్తగా ఇవ్వకూడదు. పొలం గట్టు అందరికీ తెలిస్తే నష్టం లేదు, ఆ పొలం ఎవరిదో జాబితా కట్టి దళారుల చేతికిస్తే చాలా నష్టం. సర్వర్ల ఖర్చు అనేది నిలబడే వాదన కాదు. పావుకిలో అడిగినవాడికి పావుకిలోనే తూచి ఇస్తే సర్వర్ మీద భారం తగ్గుతుంది.

అమెరికా 2008లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల నిధిని ఉచితం చేసింది. బ్రిటన్ సర్వే సంస్థ 2010 ఏప్రిల్ 1న తన మ్యాపు డేటాలో కొంత భాగం జనానికి వదిలింది. అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు. ఉపగ్రహ చిత్రాలు, మ్యాపుల పని చూసే రాష్ట్ర స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ విజయవాడలోనే ఉంది. 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఇక్కడ పాఠాలు చెబుతోంది. పోర్టల్ నడిపేవారు అక్కడి నుంచి ఒక విద్యార్థినీ, ఏదైనా వార్డు సచివాలయం నుంచి ఒక ఉద్యోగినీ పిలిచి, ‘మీ డివిజన్ కాల్వల డేటా దింపండి’ అని చెప్పి, పక్కన కూర్చుని చూడాలి. సాయం చేయకూడదు, ఎక్కడ నొక్కాలో చెప్పకూడదు. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకుంటే చాలు. ఆ కాగితమే పనుల జాబితా.

దింపుకున్నాక తప్పు కనిపిస్తే చెప్పే దారి కూడా ఆ పేజీలోనే ఉండాలి. ఫలానా కాల్వను మూడేళ్ల కిందటే పూడ్చేశారని ఆ వీధి చివర టీ కొట్టువాడికి తెలుసు. మ్యాపుకు తెలియదు.

అన్నీ ఒకేసారి కావని మాకూ తెలుసు. ముందు బుడమేరుతో మొదలుపెట్టండి. మైలవరం వైపు కొండల నుంచి కొల్లేరు దాకా ఆ వాగు, దాని మళ్లింపు కాల్వ, వెలగలేరు రెగ్యులేటర్, గండ్లు పడిన చోట్లు, ఇరువైపులా నేల ఎత్తులు, 2024లో నీళ్లు నిలిచిన మేర. ఇంతవరకు కోసి ఒక్క ఫైలుగా, తెలుగు పేర్లతో, లాగిన్ లేకుండా, వానలు మొదలయ్యేలోపు పెట్టండి. ఫైలు పేరులో తేదీ వేయడం మాత్రం మరవకండి.