కిటికీలు పెడితే కొట్టం మిగలదు

ఇంగ్లండ్ పల్లెల్లో బార్న్ అని పిలిచే పాత ధాన్యపు కొట్టాలను ఇళ్లుగా మార్చడమే వాటికి రక్ష అన్న వాదన ఎంత చెలామణిలో ఉన్నా, అది కప్పును నిలిపి కట్టడాన్ని పోగొట్టుకోవడమే. పూర్తిస్థాయి అనుమతి లేకుండా వ్యవసాయ కట్టడాలను నివాసాలుగా మార్చుకునే వీలును 2014లో కల్పించారు. ఒక్కో వ్యవసాయ క్షేత్రంలో ఇలా చేసుకోగల ఇళ్ల పరిమితిని 2024లో పదికి పెంచారు. వారసత్వ జాబితాలో ఉన్నవాటికి ఇది వర్తించదు, నిజమే. దెబ్బ తగిలేది జాబితాకెక్కని మామూలు కొట్టాలకు.

కొట్టానికి ప్రాణం దాని ఖాళీ. లండన్ హీత్రో విమానాశ్రయం పక్కనే ఉన్న హార్మండ్స్‌వర్త్ కొట్టాన్ని 1426-27లో కట్టారు. సుమారు 58 మీటర్ల పొడవున పన్నెండు అంకణాలు, ఓక్ స్తంభాల మీద నిలిచిన కప్పు, మధ్యలో అడ్డుగోడ ఒక్కటీ లేదు. మామూలు నూర్పిడి కొట్టంలో ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు, వాటి మధ్య కళ్లం ఉంటాయి. రెండూ తెరిస్తే దూసుకొచ్చే గాలికే తూర్పారబట్టేవారు. గింజ బయటికి చిందకుండా ద్వారం అడుగున పలకలు అడ్డుపెట్టేవారు. పనలు బూజు పట్టకుండా గోడల్లో సన్నని చీలికలు, ఎలుకల్ని పట్టే గుడ్లగూబ లోపలికి రావడానికి పైన ఒక కన్నం వదిలేవారు. ఇందులో ఒక్కటైనా అలంకారం కాదు. పై అంతస్తు వేసి, గదులు విడగొట్టి, కప్పులో అద్దాలు బిగించాక ఇందులో మిగిలేదేమిటి?

కంబైన్ హార్వెస్టర్ పట్టని తలుపులున్న కొట్టానికి మరమ్మతు ఖర్చు ఎవరు భరిస్తారని రైతు అడిగితే తప్పులేదు. అయితే ఖాళీని ఖాళీగా ఉంచే వాడకాలు, సంతో, వడ్రంగి షెడ్డో, గడ్డి నిల్వో, ఉండగా పడకగదులే శరణ్యమనడం రియల్ ఎస్టేట్ లెక్క.

ఆ ఖాళీ కూలీల చలికాలపు జీతం కూడా. నెలల తరబడి చేత్తో సాగే నూర్పిడే వారికి శీతాకాలంలో కూడు పెట్టేది. దాన్ని యంత్రాలు లాక్కుంటున్నాయని కూలీలు 1830 ఆగస్టులో కెంట్ కౌంటీలోని లోయర్ హార్డ్రెస్ గ్రామంలో మొదలుపెట్టి దక్షిణ కౌంటీల్లో నూర్పిడి యంత్రాలను ముక్కలు చేశారు. ఆ తిరుగుబాటుకు 19 మందిని ఉరితీశారు, వందలాది మందిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు. పరిరక్షణ అనగానే ఓక్ దూలాల అందం ముచ్చటించే మన రసజ్ఞులు, వాటి కింద ఎవరు పని చేశారో అడగరు. వాళ్ల దెబ్బలకు నునుపెక్కిన కళ్లం పలకల మీదే ఇప్పుడు వంటగది టైల్స్ పరుస్తున్నారు.