పండగ రెండు రోజులొస్తే మీకొచ్చిన నష్టమేంటి?

మళ్ళీ మొదలైంది. పండగ ఇంకా పదిహేను రోజులుందనగానే ఫ్యామిలీ గ్రూపులో "అసలు పండగ ఏ రోజు?" అని ఒక ఫార్వర్డ్. దాని కింద ఎవరో పంతులుగారి వీడియో. దాని కింద మా బాబాయ్: "మన పండగ ఎప్పుడో మనకే తెలీదు, అందుకే లోకువైపోయాం", ఏడుపు బొమ్మలు మూడు. నాకు ఒళ్ళు మండేది ఈ మూడోదానికే. పండగ ఎప్పుడో తెలియనివాళ్ళు అడుగుతారు, తెలిసినాయన చెప్తాడు, అందులో తప్పేముంది? కానీ రెండు తేదీలు ఉండటమే పరువు తక్కువ అన్నట్టు, దేశమంతా ఒకే రోజు చేసుకోకపోతే అది పండగే కాదన్నట్టు మాట్లాడితే ఊరుకోలేను. గ్రూపులో రాస్తే పిన్ని నొచ్చుకుంటుందని ఇక్కడ రాస్తున్నా.

2023 వినాయక చవితి సంగతి చెప్తాను. సెప్టెంబరు 17 ఆదివారం సాయంత్రం నేనూ అత్తయ్యా వెళ్ళి పత్రి తెచ్చుకున్నాం. మారేడు, గరిక, ఉమ్మెత్త, జిల్లేడు, పేరు తెలియని ఆకులు ఇంకొన్ని కలిపి కట్టిన కట్ట. ఇరవై ఒక్క రకాలూ ఉన్నాయని అమ్మినావిడ ఒట్టేసింది, ఇంటికొచ్చి లెక్కపెడితే పదకొండు. పాలవెల్లికి వెలక్కాయ, మొక్కజొన్న పొత్తులు. అన్నీ సర్దుకుని పడుకోబోతుంటే పుణె నుంచి మా వదిన ఫోన్. "అమ్మా, ఇక్కడ మంగళవారమే. మీరేంటి, రేపే చేసేస్తున్నారా?" అత్తయ్య మొహంలో రంగు మారింది. గోడ మీద క్యాలెండర్ 18 అంటోంది. ఫోన్‌లో వెతికితే 19. ఊళ్ళో మా అమ్మకి ఫోన్ చేస్తే, "మన పంతులుగారు సోమవారమే అన్నారు. ఇంకేం వెతక్కు, ముందు శనగపప్పు నానబెట్టుకో" అని పెట్టేసింది.

చివరికి అత్తయ్య రెండు రోజులూ చేశారు. సోమవారం పూజ, కథ, అక్షింతలు, అన్నీ పద్ధతిగా. మంగళవారం వదిన వీడియో కాల్‌లో హారతి ఇస్తుంటే ఇక్కడ అదే మట్టి వినాయకుడికి మళ్ళీ ఉండ్రాళ్ళు. రెండో రోజుకి ఉమ్మెత్త ఆకులు నల్లబడి వేలాడిపోయాయి. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టిన గరిక మాత్రం పచ్చగానే ఉంది. వచ్చిన పేచీ ఒక్కటే: చవితి చంద్రుణ్ణి ఏ రాత్రి చూడకూడదు? సోమవారం రాత్రి ఆకాశంలో ఉన్నది చవితి చంద్రుడే, మంగళవారం రాత్రికి పంచమి వచ్చేసింది. మరి మంగళవారం పూజ చేసుకునేవాళ్ళ సంగతేంటి? మా ఆయన రెండు రాత్రులూ బాల్కనీ తలుపు మూసేశాడు. నీలాపనిందల దగ్గర రిస్కు తీసుకోకూడదట.

ఇంతకీ తప్పెవరిది? ఎవరిదీ కాదు. ఆ ఏడు చవితి సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో వచ్చి, మంగళవారం ఒకటిన్నర దాటేదాకా ఉంది. వినాయకుడి పూజకి కావాల్సింది మధ్యాహ్నం వేళ చవితి. అది రెండు రోజులూ కొంచెం కొంచెం ఉంది. తదియ తగిలిన చవితి గణపతికి మంచిదని మనవైపు సోమవారం తీసుకున్నారు. మహారాష్ట్రలో మంగళవారం తీసుకున్నారు. ఇద్దరికీ శాస్త్రం ఉంది. ఇద్దరి ఇంట్లోనూ వినాయకుడు వచ్చాడు, తిన్నాడు, వెళ్ళాడు.

మనం మర్చిపోయేదేంటంటే, తిథి ఇంగ్లీషు తేదీలాగా అర్ధరాత్రి పన్నెండింటికి మారదు. చంద్రుడు సూర్యుణ్ణి దాటి పన్నెండు డిగ్రీలు ముందుకెళ్తే ఒక తిథి. చంద్రుడి నడక ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది కాబట్టి తిథి ఒకసారి ఇరవై గంటల్లో అయిపోతుంది, ఒకసారి ఇరవై ఆరు గంటలు దాటుతుంది. పైగా పాత సూత్రాలతో లెక్కకట్టే పూర్వ పద్ధతి పంచాంగం ఒకటి, ఆకాశంలో సూర్యచంద్రులు నిజంగా ఉన్న చోటుని బట్టి లెక్కకట్టే దృక్ పంచాంగం ఇంకొకటి. పాత లెక్కలో తిథి అరవై ఘడియల మీద అయిదు ఘడియలకి మించి పెరగదు, ఆరు ఘడియలకి మించి తగ్గదు, బాణవృద్ధి రసక్షయం అంటారే, అది. దృక్ వాళ్ళు ఏడు పెరగొచ్చు, పది తగ్గొచ్చు అంటారు. ఘడియంటే 24 నిమిషాలు. అంటే ఒకే తిథి ముగింపు దగ్గర రెండు పంచాంగాలకీ గంటల తేడా రావచ్చు. దానికి తోడు ఒక్కో పండగకీ తిథి ఒక్కో వేళకి ఉండాలి. ఉగాదికి పాడ్యమి సూర్యోదయానికి ఉండాలి, శ్రీరామనవమికి నవమి మధ్యాహ్నం ఉండాలి, శివరాత్రికి చతుర్దశి అర్ధరాత్రి ఉండాలి, దీపావళికి అమావాస్య పొద్దుగూకాక ఉండాలి. సూర్యోదయం కూడా గువాహటిలో ఒకప్పుడు, ద్వారకలో ఒకప్పుడు. ఇన్ని కలిశాక కూడా ఏటా ఎక్కువ పండగలు దేశమంతా ఒకే రోజు వస్తున్నాయంటే నాకు అదే ఆశ్చర్యం.

2024 దీపావళికి జరిగిందీ ఇదే. అక్టోబరు 31న మధ్యాహ్నం మూడున్నర దాటాక అమావాస్య వచ్చింది, నవంబరు 1న సాయంత్రం ఆరు దాటేదాకా ఉంది. రెండు సాయంత్రాలూ దీపాలు పెట్టే వేళకి అమావాస్యే. టీవీలో ఇద్దరు పండితుల్ని కూర్చోబెట్టి మధ్యలో యాంకర్ అరుపులు. పాపం ఆ పెద్దాయన ప్రదోషం (పొద్దుగూకిన వేళ) అంటే ఏంటో చెప్పబోతుంటే "ఒక్క మాటలో చెప్పండి గురువుగారూ, 31నా, 1నా?" అట. ఒక్క మాటలో తేలేదైతే ఏ పండగ ఏ రోజో తేల్చడానికి కమలాకర భట్టు 1612లో నిర్ణయసింధు లాంటి అంత లావు గ్రంథం ఎందుకు రాస్తాడు? ఆ తర్వాత కాశీనాథ ఉపాధ్యాయుడు ధర్మసింధు ఎందుకు రాస్తాడు? అంటే నాలుగు వందల ఏళ్ళ కిందట కూడా ఈ తగాదా ఉన్నట్టే కదా. కాకపోతే అప్పుడు ఏడుపు బొమ్మలు లేవు.

"ప్రభుత్వం ఒక కమిటీ వేసి తేల్చేయొచ్చుగా" అనేవాళ్ళకి ఇంకో కబురు. వేశారు. 1952లో. మేఘనాథ్ సాహా అధ్యక్షుడు, అంతటి భౌతిక శాస్త్రవేత్త. దేశంలో అప్పటికి ముప్పై రకాల క్యాలెండర్లు వాడుకలో ఉన్నాయని ఆ నివేదిక ముందుమాటలో నెహ్రూయే రాశాడు. 1955లో నివేదిక వచ్చింది, 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది, రాష్ట్రీయ పంచాంగం తెలుగులో కూడా వేస్తున్నారు. ఆ శక సంవత్సరం లెక్కలో మీ పుట్టినరోజు చెప్పండి చూద్దాం. నాకూ తెలీదు. కమిటీలు క్యాలెండర్ అచ్చు వేయగలవు, మా అమ్మ చేత పంతులుగారి మాట కాదనిపించలేవు.

అసలు ఈ ఒకే దేశం, ఒకే పండగ, ఒకే తేదీ అనేది మన దగ్గర ఎప్పుడుందసలు? దీపావళినే చూడండి. తమిళనాడులో నరక చతుర్దశి తెల్లవారుజామున తలంటు పోసుకుని బాణసంచా కాల్చేస్తారు, మనం అమావాస్య సాయంత్రం దాకా ఆగుతాం. కాశీలో గంగ ఒడ్డున దేవ దీపావళి మళ్ళీ కార్తీక పున్నానికి. హిమాచల్ కొండల్లో కొన్నిచోట్ల బూఢీ దివాళీ అని నెల తర్వాత చేసుకుంటారు. దసరా మనకి విజయదశమితో అయిపోతుంది. కులూలో ఆ రోజే మొదలై వారం నడుస్తుంది. కొత్త సంవత్సరం మనకీ కన్నడిగులకీ ఉగాది, మరాఠీలకి అదే రోజు గుడి పడ్వా, గుజరాతీలకి దీపావళి మర్నాడు, తమిళులకీ పంజాబీలకీ అస్సాం వాళ్ళకీ ఏప్రిల్ మధ్యలో. వీళ్ళెవరూ ఒకళ్ళనొకళ్ళు తప్పు పట్టుకోరు.

మా ఆఫీసులో కాన్పూర్ అబ్బాయి ఒకడున్నాడు. జూలైలో ఒకరోజు లంచ్‌లో నేను చికెన్ డబ్బా తెరిస్తే "శ్రావణంలోనా?" అని కళ్ళు పెద్దవి చేశాడు. బాబూ, మాకింకా ఆషాఢం పోలేదు అన్నాను. వాళ్ళకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. అందుకని వాళ్ళ శ్రావణం మనకంటే పదిహేను రోజులు ముందే వచ్చేస్తుంది. తమాషా ఏంటంటే కృష్ణాష్టమి మనకి శ్రావణ బహుళాష్టమి, వాళ్ళకి భాద్రపదంలో వస్తుంది, కానీ రోజు మాత్రం ఒకటే. నెల పేరు వేరు, చంద్రుడు ఒకడే. ఆ అబ్బాయి పదిహేను రోజులు నా డబ్బా వంక చూడటం మానేసి, మా శ్రావణం వచ్చాక పక్కన కూర్చున్నాడు.

హైదరాబాద్ బోనాలు ఇంకా మంచి ఉదాహరణ. ఆషాఢంలో ముందు గోల్కొండ, తర్వాత లష్కర్ (సికింద్రాబాద్), ఆ తర్వాత లాల్ దర్వాజా. ఊరు ఒకటే, పండగ ఒకటే, ఆదివారాలు వేరు. "అసలు బోనాలు ఏ ఆదివారం?" అని ఎవరైనా కొట్టుకోగా చూశారా? పైగా ఈ వారం మీ ఇంటికి, వచ్చే వారం మా ఇంటికి అని చుట్టాల్ని పంచుకుంటారు.

ఇది మన పండగలకే పట్టిన జబ్బు అని కూడా అనుకోకండి. 2024లో కేరళలో రంజాన్ పండగ ఏప్రిల్ 10న అయిపోయింది, మనకి 11న. నెలవంక ఎక్కడ కనబడితే అక్కడ పండగ. మనలా మధ్యలో అదనంగా ఒక నెల కలిపే అధిక మాసం వాళ్ళకి లేదు కాబట్టి ఆ నెల ముప్పై మూడేళ్ళకోసారి అన్ని ఋతువులూ చుట్టొస్తుంది. ఈస్టర్ కూడా మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి చూసి, దాని తర్వాతి ఆదివారం. అందరూ చంద్రుడి వెనకాల తిరిగేవాళ్ళే.

"సంక్రాంతి చూడండి, సూర్యుడిది కాబట్టి ఎప్పుడూ జనవరి 14, హాయిగా" అనే మేధావి ఒకడు ప్రతి గ్రూపులో ఉంటాడు. 2024లో 15న ఎందుకు చేసుకున్నావని వాణ్ణి అడగండి. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి నాడు. ఆ రోజు తేదీ 1863 జనవరి 12. మన నక్షత్రాల సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే కాస్త పొడుగు, అందుకే సంక్రాంతి సుమారు డెబ్బై రెండేళ్ళకి ఒక రోజు జరుగుతుంది. మన మనవలు 16న చేసుకుంటారు. అప్పుడు వాళ్ళ గ్రూపులో కూడా ఒకడుంటాడు, ఎప్పుడూ 16నే వచ్చేదని.

సరే, ఇదంతా చెప్పాక నా అసలు కడుపుమంట. రెండు తేదీలతో దేవుడికి ఇబ్బంది లేదు, ఇంట్లోవాళ్ళకి లేదు. ఇబ్బంది సెలవుతో. 2023 దసరాకి తెలంగాణ ప్రభుత్వం అక్టోబరు 23 అంది. ఢిల్లీలో రావణుణ్ణి తగలబెట్టింది 24న. మా ఆఫీసు లిస్టు ఎక్కడో హెడ్డాఫీసులో తయారవుతుంది కాబట్టి అందులో 24. సోమవారం సాయంత్రం కింద అపార్ట్‌మెంట్ వాళ్ళంతా జమ్మి పంచుకుంటున్నారు, నేను పైన మీటింగులో ఉన్నా. మా వాడు పరిగెత్తుకుంటూ వచ్చి "బంగారం అమ్మా" అని నాలుగు జమ్మి ఆకులు కీబోర్డు మీద పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మైకు ఆఫ్‌లో ఉందనుకుని దీర్ఘాయుష్మాన్‌భవ అన్నాను. ఆఫ్‌లో లేదు. మర్నాడు సెలవు. పండగ లేదు, పిండివంటలు మిగిలినవి ఉన్నాయి, అంతే.

కాబట్టి కోప్పడాలంటే అక్కడ కోప్పడండి. ఏడాదికి పది సెలవులిస్తే అందులో నాలుగు మా ఇష్టానికి వదిలేయమనండి, ఎవరి పంచాంగం వాళ్ళు చూసుకుంటారు. ప్రభుత్వాలు కూడా ఆరు నెలల ముందే ఒక తేదీ చెప్పి, పండగ ముందు వారం మార్చకుండా ఉంటే చాలు. రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు. జనవరి 12న ఊరెళ్ళాలంటే నవంబరు 13 పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. టికెట్ దొరికాక తేదీ మారిందంటే వచ్చే టెన్షన్ ఏ పండితుడికీ అర్థం కాదు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మేం మాత్రం ముక్కనుమకి లాగిన్ అవ్వాలని కనుమ రాత్రి బస్సెక్కుతాం. బాబాయ్, నీకు అంత బాధగా ఉంటే దీని మీద ఒక ఫార్వర్డ్ తయారు చెయ్యి, నేను పది గ్రూపుల్లో పెడతా.

అన్నట్టు, తేదీల గొడవే వద్దనేవాళ్ళకి 2026 దీపావళి. అధిక జ్యేష్ఠం వచ్చి పండగలన్నీ వెనక్కి జరిగి, దీపావళి నవంబరు 8న పడింది. అమావాస్య ఆ ఒక్క సాయంత్రమే ఉంది, మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది. పేచీ లేదు, టీవీ చర్చ లేదు, ఇద్దరు పంతుళ్ళూ ఒకటే మాట. చూసి సంతోషపడబోయాను. ఆదివారం.