కత్తి పట్టడం నేర్పే గురువుకు కాగితాల కొలతా?

శస్త్రచికిత్స శిక్షణ విభాగాలను నడిపేవారు ఎక్కడ చదివారు, ఎన్ని పత్రాలు ప్రచురించారు, వారి హెచ్-ఇండెక్స్ (పత్రాల ప్రభావాన్ని చెప్పే సూచిక) ఎంత అని లెక్కగట్టే అధ్యయనాలు వైద్య పత్రికల్లో తరచూ వస్తున్నాయి. లెక్కించడంలో తప్పు లేదు. ఆ లెక్క చూసి పదవి కట్టబెట్టడమే తప్పు. రెసిడెంట్ (శిక్షణలో ఉన్న యువ వైద్యుడు) చేతికి కత్తి ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో ఎరిగినవారు ఆ కుర్చీలో ఉండాలి. ఆ ఎరుక ఏ పత్రంలోనూ నమోదు కాదు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించినది ఒక భౌతిక శాస్త్రవేత్త. మీ పత్రాల్లో 20 పత్రాలను ఇతరులు ఒక్కొక్కటి కనీసం 20 సార్లు ఉదహరిస్తే మీ సూచిక 20. వయసుతో పాటు పెరగడమే తప్ప తగ్గడం దానికి తెలియదు. పదిమంది కలిసి రాసిన పత్రం పదిమంది ఖాతాలోనూ పూర్తిగా జమ అవుతుంది. తాను అరగంటలో ముగించగల పనిని అర్ధరాత్రి రెసిడెంట్ చేత చేయిస్తూ, తడబడిన ముడిని విప్పించి మళ్లీ వేయిస్తూ గంటన్నర పక్కన నిలబడిన సర్జన్ ఖాతాలో మాత్రం ఏమీ పడదు.

వివియన్ థామస్‌ను ఈ కొలబద్దతో కొలిచి చూడండి. 1944 నవంబరు 29న అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ‘నీలి శిశువు’కు (పుట్టుకతో వచ్చిన గుండె లోపం వల్ల ఒళ్లు నీలిరంగుకు తిరిగిన బిడ్డకు) తొలి ఆపరేషన్ చేస్తుంటే, ఆయన భుజం వెనక పీట మీద నిలబడి దారి చూపినవాడు థామస్. వైద్య పట్టా లేని నల్లజాతి ప్రయోగశాల సహాయకుడు. ఆ ఆపరేషన్‌ను కుక్కల మీద చేసి చేసి సాధ్యమని తేల్చిన చేతులు ఆయనవే. 1945లో దాన్ని లోకానికి చాటిన పత్రంపై బ్లాలాక్, పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టాసిగ్ పేర్లున్నాయి, థామస్ పేరు లేదు. గుండె సర్జన్ డెంటన్ కూలీ వంటి మహామహులు ఆ ప్రయోగశాలలో ఆయన దగ్గర పని నేర్చుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది 1976లో! ఒక తరం గుండె సర్జన్లకు చేయి తిప్పడం నేర్పిన మనిషి, నేటి ఎంపిక సంఘం ముందు దరఖాస్తు పెట్టడానికే అనర్హుడు.

పరిశోధన చేయనివాడు నిన్నటి వైద్యాన్నే నేర్పుతాడని వాదించేవారు ఉన్నారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స విభాగాధిపతి ఓవెన్ వాంగెన్‌స్టీన్ తన శిష్యులను ప్రయోగశాలకు పంపబట్టే నార్మన్ షమ్‌వే, క్రిస్టియాన్ బర్నార్డ్ వంటి గుండె మార్పిడి మార్గదర్శకులు తయారయ్యారన్నది నిజం. అయితే ఆయన గొప్పతనానికి సాక్ష్యం ఆ శిష్యులే, ఆయన సొంత పత్రాల సంఖ్య కాదు.

ఇక ఎక్కడ చదివారన్న నేపథ్యం. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1889 తర్వాత హాప్‌కిన్స్‌లో నాటిన రెసిడెన్సీ పద్ధతిని, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణను, ఆయన శిష్యులు ఇతర చోట్లకు తీసుకెళ్లారు. విద్యతో పాటు వంశావళి కూడా పాకింది. పేరున్న చోట చదివినవాడు తనలాంటివాణ్నే ఎంచుకుంటాడు. స్త్రీపురుషులిద్దరూ చదివే అమెరికా వైద్య కళాశాలలో శస్త్రచికిత్స విభాగానికి తొలి మహిళా అధిపతిగా ఓల్గా జొనాసన్ వచ్చింది 1987లో. దాదాపు వందేళ్లు! ప్రతిభ లేక పట్టిన కాలమా అది?

నా అసలు బాధ ఇంకా పెద్దది. విశ్వవిద్యాలయాల్లో బోధన ఏ శాఖలోనైనా లెక్కలోకి రాని చాకిరీ అయిపోయింది. తరగతికి సిద్ధమవుతూ గడిపిన రాత్రికి విలువ లేదు, అదే రాత్రి రాసిన పత్రానికి పదోన్నతి ఉంది. అందుకే మంచి గురువులు పాఠం తగ్గించుకుని పత్రాల వైపు మళ్లుతున్నారు. వారిని నేను తప్పుపట్టను.

ప్రత్యామ్నాయం చేతికందే దూరంలోనే ఉంది. రెసిడెంట్‌కు ఏ పనిని ఎంత పర్యవేక్షణతో అప్పగించవచ్చో బోధకులు నమోదు చేసే పద్ధతిని సర్జన్లకు అర్హత పత్రాలిచ్చే అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ 2023లో మొదలుపెట్టింది. శిష్యుల మీద పెట్టిన ఆ దృష్టిని గురువుల మీదికీ తిప్పాలి. వారి దగ్గర నేర్చుకున్నవారు ఎంత త్వరగా, ఎంత క్షేమంగా సొంతంగా ఆపరేషన్ చేయగలిగారో చూడాలి. ఎంపిక సంఘాలు పత్రాల జాబితా తెరిచేముందు పాత రెసిడెంట్లను పిలిచి అడగాలి: మీకు ఆపరేషన్ నేర్పింది ఎవరు?