చదరపు అడుగు ఎంత?

మన నల్లగొండలో వాన్ గో అంతటి చిత్రకారుడు ఎందుకు తయారు కాలేదన్నది జిల్లా మేధావులను వేధిస్తున్న ప్రశ్న. నన్నైతే వేధిస్తోంది, మేధావుల సంగతి వాళ్లే చెప్పాలి. చేలకు కొదవ లేదు, కాకులకు లోటు లేదు. కష్టాలంటారా, పక్క జిల్లాకు అప్పిచ్చేటన్ని ఉన్నాయి. మరి లోపం ఎక్కడ?

ఆరా తీస్తే తేలింది. మన చిత్రకారులు ఇంకా బతికే ఉన్నారు.

'కాకులున్న గోధుమచేను' చిత్రాన్నే తీసుకోండి. 1890 జూలైలో ఫ్రాన్స్‌లోని ఓవేర్ అనే పల్లెలో వాన్ గో వేశాడు. పండిన పసుపు చేను, నల్లబడుతున్న నీలి ఆకాశం, చేలోకి వెళ్లి ఆగిపోయే బాట, గుంపుగా కాకులు. అదే నెల 29న తుపాకి గాయంతో పోయాడు. అప్పటికి 37 ఏళ్లు. అంతకుముందు చెవి కోసుకున్నాడు, ఏడాదిపాటు మానసిక చికిత్సాలయంలో గడిపాడు, తమ్ముడు తియో పంపే డబ్బుతో బతికాడు. ఇంత సరంజామా చేతికొచ్చాక ఇక బొమ్మను చూడవలసిన పనేముంది? పిండం ముట్టడానికి కాకి రాకపోతే కంగారుపడే మనమే, పటంలో కాకి కనిపించగానే మృత్యువని తేల్చేశాం. ఇదే ఆయన చివరి చిత్రమనీ తీర్మానించాం. ఆ తర్వాతా వేశాడని, చివరిది బహుశా చెట్ల వేళ్ల చిత్రమని పరిశోధకులు మొత్తుకుంటున్నారు. వేళ్లను చూస్తే ఏడుపు రాదు కదా, కాకులే ఖాయం.

ఆ రోజుల్లో తియోకు రాసిన ఉత్తరంలో, ఈ చేలలో విషాదాన్నీ ఒంటరితనాన్నీ చూపాలనుకున్నానన్నాడు, నిజమే. పల్లెలో తనకు ఆరోగ్యంగా, బలాన్నిచ్చేదిగా తోచినదాన్ని కూడా ఈ బొమ్మలే చెబుతాయని అదే ఉత్తరంలో రాశాడు. అది మనకు అక్కరకు రాని వాక్యం.

ఇదే పటాన్ని మిర్యాలగూడ వైపు రైతు ముందు పెట్టండి. "చేను కోతకొచ్చింది, మబ్బు కమ్ముకొస్తోంది. టార్పాలిన్లు దొరికాయా వీళ్లకు?" అంటాడు. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఎన్ని రోజులు పడిగాపులు కాయాలో తెలిసినవాడు. ఆ ఆకాశాన్ని ఇంత శ్రద్ధగా చూసిన విమర్శకుడు నాకు తగల్లేదు.

ధర సంగతి. వాన్ గో బతికుండగా అమ్ముడైందని గట్టిగా చెప్పగలిగిన చిత్రం 'ఎర్ర ద్రాక్షతోట', 400 ఫ్రాంకులకు. కొన్న అన్నా బోక్ కూడా చిత్రకారిణే, అంటే ఆ బాధ తెలిసిన మనిషి. పోయిన వందేళ్లకు, 1990లో, చివరి రోజుల్లో ఆయన్ని చూసిన డాక్టరు గాషే బొమ్మ 8.25 కోట్ల డాలర్లు పలికింది. బతికున్నవాడికి అందులో సెంటు కూడా ముట్టలేదు కనుక ధర్మంగానే జరిగినట్టు.

ఇక మన గడియారం సెంటర్‌కు వద్దాం. దుకాణాల బోర్డులు రాసి బతికిన పెయింటర్ ఒకాయన, ఫ్లెక్సీలొచ్చి పని పోయాక, దొరికిన తీరికలో పానగల్లు ఉదయసముద్రం మీద పొద్దుపొడుపు వేశాడనుకుందాం. నీళ్లమీద గులాబీ రంగు పలచగా, గట్టునీడ దగ్గర మాత్రం దట్టంగా. కొత్త ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి వచ్చి, చూసి, మొదటి మాటగా "చదరపు అడుగు ఎంత?" అంటాడు. ఆ లెక్కన కాకుల చేను ఐదున్నర అడుగులు. ఫ్లెక్సీ రేటు కడితే ఇద్దరికి బిర్యానీ రాదు.

"అన్నీ నీళ్లే ఉన్నాయి కదన్నా, ఇంత అడుగుతున్నావు?"

"నీళ్లకే పది రోజులు పట్టింది సార్."

"పోనీ, ఆ మూల మా నాన్న ఫోటో వేసివ్వు."

పెయింటర్ తల అడ్డంగా ఊపుతాడు. పెద్దమనిషి కోపగించుకోడు, నచ్చజెబుతాడు.

"ఫ్లెక్సీ అనుకో, ఫంక్షన్ అయ్యాక వడ్లకుప్ప మీద కప్పుకుంటాం. నీ చెరువు కప్పితే వడ్లు తడవవా?"